ప్రభువు చిత్తమైతే ఇస్తాం, మేస్త్రీ

మన తెలుగు సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి రాలేనివాళ్లు కూడా వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికని బైబిల్ వచనం అచ్చేసిన చిన్న కార్డు) మాత్రం గుర్తుపెట్టుకుని తెప్పించుకుంటారు. పళ్లెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీయడం, ఫోన్ లైటులో చదువుకోవడం, "నీకేం వచ్చింది?" అని పక్కవాళ్లని అడగడం, ఊళ్లో లేని కొడుకు పేరు మీద, కోడలి పేరు మీద చెరొకటి తీసి వాట్సాప్‌లో పంపడం, ఇదంతా మనకి మామూలే. జనవరి 1 పొద్దున్నకి ఆ కార్డు ఫ్రిజ్ తలుపు మీదో ఆటో అద్దం మీదో ఉంటుంది. కష్టమొచ్చిన రోజున దాన్ని చూసి "ప్రభువా, నువ్వు మాటిచ్చావు కదా" అని అడుగుతాం. ఇందులో నాకేం అభ్యంతరం లేదు, మా ఇంట్లోనూ ఉంది ఒకటి. నా బాధల్లా అదే ఏడాదిలో మనం ఇచ్చిన మాటల గురించి. వాటికి కార్డు లేదు, తేదీ లేదు, అడిగే నాథుడూ లేడు.

క్రైస్తవులు అబద్ధాలాడుతున్నారని చెప్పడానికి ఇది రాయడం లేదు. అబద్ధమాడితే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతాం. మనవాళ్లు అంతకన్నా నేర్పుగల పని ఒకటి అలవాటు చేసుకున్నారు. మాట ఇచ్చినట్టే ఉంటుంది, పట్టుకోబోతే చేతికి చిక్కదు. "ప్రభువు చిత్తమైతే వస్తాం." "ప్రార్థన చేసి చెప్తాం బ్రదర్." "దేవుడు ద్వారం తెరిస్తే మీ డబ్బు ఇచ్చేస్తాం." ఎదుటివాడు ఏమనగలడు? గట్టిగా అడిగితే మనల్ని కాదు, దేవుణ్ణి నిలదీసినట్టు అవుతుంది. అప్పు ఎగ్గొట్టినవాణ్ణి నలుగురిలో పెట్టి అడగొచ్చు గానీ, దేవుడి పేరు చెప్పి రేపు మాపు అంటూ తిప్పుకునేవాడి మీద ఎవరికి చెప్పుకుంటాం?

నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాను. లారీల లైను బయటివాళ్లకి మోటుగా కనబడుతుంది గానీ, మాట మీద ఇంతగా నడిచే వ్యాపారం ఇంకోటి ఉంటుందని అనుకోను. రాత్రి తొమ్మిదికి పార్టీ ఫోన్ చేసి "పొద్దున్న ఆరుకి నాలుగు బండ్లు కావాలి, ఎరువుల లోడు" అంటాడు. నేను బ్రోకర్‌కి చేస్తాను. "పెడతా" అంటాడు. అంతే. సంతకం లేదు, స్టాంపు కాగితం లేదు. ఆరుకి బండి రాకపోతే కూలీలు గోడవార కూర్చుంటారు, వాళ్ల కూలి మాత్రం ఇవ్వాల్సిందే. పోర్టులో సరుకు గడువు దాటితే డెమరేజ్ కట్టాలి. బండి వచ్చి లోడు సిద్ధంగా లేకపోతే హాల్టింగ్ డబ్బులు మేమే ఇచ్చుకోవాలి. అందుకే ఈ లైనులో "పెడతా" అన్న ఒక్క ముక్కకి ఖరీదు ఎంతో అందరికీ తెలుసు. ఎవరి "పెడతా" వచ్చినట్టే లెక్కో, ఎవరి "చూస్తా" రానట్టే లెక్కో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా వారం తిరక్కుండా అర్థమైపోతుంది.

మాకు బండ్లు పెట్టేవాళ్లలో ఒక సాయిబుగారున్నారు. ఆయనలో నాకు నచ్చేది "పెడతా" కాదు, "లేదు" అనడం. రాత్రి తొమ్మిదికి అడిగితే తొమ్మిదిన్నరకల్లా "లేదు భయ్యా, రేపు నా దగ్గర రెండే ఉన్నాయి, మిగతావి వేరేచోట చూసుకో" అని చెప్పేస్తారు. ఆ వేళకి చెప్తే నా చేతిలో రాత్రంతా ఉంటుంది. ఇంకొకాయన ఉన్నారు, మనవాడే, బండి నుదుటి మీద "యెహోవా యీరే" (దేవుడే సమకూరుస్తాడు) అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. అడిగితే "దేవుడున్నాడు బ్రదర్, టెన్షన్ పడకండి" అంటాడు. పొద్దున్న ఆరుకి ఆయన ఫోను స్విచ్ఛాఫ్. ఏడున్నరకి ఆన్ చేసి "రాత్రి ఉపవాస ప్రార్థన బ్రదర్" అంటాడు. మా ఆఫీసులో కుర్రాళ్లు నన్ను చూసి నవ్వుతూ "మీవాళ్లే కదండీ" అంటారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కొండమీద ప్రసంగం చదవాల్సిన అవసరం లేని మనిషి దాన్ని పాటిస్తుంటే, దాన్ని కంఠతా పట్టినవాడు ఫోను కట్టేసి పడుకున్నాడు.

"మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను, వీటికి మించునది దుష్టునినుండి పుట్టునది." మత్తయి 5:37, కొండమీద ప్రసంగంలో యేసు అన్న మాట. సండే స్కూల్ పిల్లలకి కూడా వచ్చు. అయితే ప్రసంగాల్లో ఎప్పుడూ మొదటి సగమే వింటాం, అవునంటే అవును అన్నది. రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు. మనకి మొహమాటం ఎక్కువ. పెళ్లి పిలుపుకి వచ్చినవాళ్లతో, పాట పాడమని అడిగినవాళ్లతో, చేబదులు అడిగినవాళ్లతో "కుదరదండీ" అనడం మనకి పాపంలా అనిపిస్తుంది. అందుకని ఒక భక్తి మాట అడ్డం పెట్టి అప్పటికి గట్టెక్కుతాం. అవతలివాళ్లు మన కోసం కుర్చీ వేసి ఉంచుతారు, ప్రోగ్రాం షీటులో పేరు రాసుకుంటారు, ఆ డబ్బు వస్తుందని ఇంకొకరికి మాటిచ్చేస్తారు. సమయానికి చెప్పిన "కాదు" ఎంతమంది కష్టాన్ని తప్పిస్తుందో లారీల లైనులో ఉన్నవాడిగా నేను రోజూ చూస్తున్నాను. అదీ ప్రభువు ఆజ్ఞలో సగమే మరి.

ఆయన ఆ మాట ఏ సందర్భంలో అన్నాడో చూడండి. అప్పటివాళ్లు ఒట్లలో తరగతులు పెట్టుకున్నారు. ఆకాశం తోడంటే ఒక లెక్క, యెరూషలేము తోడంటే ఇంకో లెక్క. దేవాలయం మీద ఒట్టేస్తే ఏం ఫరవాలేదు, దేవాలయంలో బంగారం మీద ఒట్టేస్తే మాత్రం కట్టుబడాలి అని బోధించేవాళ్లని 23వ అధ్యాయంలో ఆయన కడిగేశాడు. అంటే వాళ్ల ఒట్లు కూడా మాటని బలపరచడానికి కాదు, తప్పించుకునే సందులు ఉంచుకోవడానికి. తల మీద ఒట్టు పెట్టుకోవద్దు, ఒక్క వెంట్రుకనైనా తెల్లగా గానీ నల్లగా గానీ చేయలేవు అన్నాడాయన. (ఇప్పుడు ఆ రెండోది మెడికల్ షాపులో దొరుకుతుంది గానీ, వాదన అలాగే నిలబడుతుంది, మొదళ్లు మళ్లీ తెల్లగానే వస్తాయి.) మనం "అమ్మతోడు", "పిల్లల మీద ఒట్టు" మానేశామని గర్వపడతాం. వాటి బదులు "ప్రభువు చిత్తమైతే" తెచ్చుకున్నాం. సందు మాత్రం అలాగే ఉంది.

ఈ మత్తయి సువార్తకీ మన ఊరికీ ఒక బంధం ఉంది, ఇక్కడి క్రైస్తవుల్లోనే చాలామందికి తెలీదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఇక్కడే తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు మొదలుపెట్టిన మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ పుస్తకాన్ని చేతిలో పట్టుకోలేదు. వెనక వచ్చినవాళ్లు ఆ పనిని పక్కన పడేయకుండా ముందుకి తీసుకెళ్లారు. రెండు వందల ఏళ్లకు పైగా "అవునంటే అవును" అని అచ్చులో చదువుకుంటున్న ఊరు ఇది. పూర్ణా మార్కెట్‌లో ఒక దుకాణదారు "చర్చివాళ్లకి అరువు ఇవ్వనండీ, అడగడానికి మొహమాటంగా ఉంటుంది" అని నాతోనే అన్నాడు. ఆయన తిట్టలేదు, ఉన్నమాట చెప్పాడంతే.

ఇక మేస్త్రి సంగతి.

నగరానికి దక్షిణాన ఒక సంఘం, పేరు చెప్పను. రేకుల షెడ్డు తీసేసి స్లాబు వేశారు. పని చేసింది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రి, ఆయన కింద కూలీలు. గుడి ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. ఫ్లెక్సీలు, బయట నుంచి వచ్చిన ప్రసంగీకుడు, సౌండ్ సిస్టమ్, అందరికీ బిర్యానీ. మేస్త్రికి శాలువా కూడా కప్పారు. ఆయనకి రావాల్సిన బేలన్సు మాత్రం మిగిలిపోయింది. కమిటీవాళ్లు ఆదివారం తప్ప ఒకచోట దొరకరు కాబట్టి ఆయన ఆదివారాలే వచ్చేవాడు. హిందువు. చెప్పులు అందరి చెప్పుల పక్కనే విడిచి, చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆరాధన అయ్యేదాకా ఉండేవాడు. అంతసేపూ చూపు ఊరికే ఉండేది కాదు. కిటికీ దగ్గర ప్లాస్టరింగ్ అంచుని బొటనవేలితో తడిమి చూసుకునేవాడు. ఒకసారి, "ఈ మూల చెమ్మ ఎక్కుతోందండి, పైన పిట్టగోడ దగ్గర చిన్న పగులుంటుంది, వానలకి ముందే చేసీయాలి" అని నాతో అన్నాడు. డబ్బులు అందని పని గురించి అంత బెంగ.

ఆరాధన అయ్యాక సెక్రటరీ దగ్గరికి వెళ్లి "వందనాలండయ్యా, ఆ బేలన్సు" అనేవాడు. "ప్రార్థనలో పెట్టాం మేస్త్రీ. ప్రభువు చిత్తమైతే ఈస్టర్‌కల్లా ఇచ్చేద్దాం" అనేవారు ఆయన, నిజంగానే నవ్వుమొహంతో. ఒకరోజు మేస్త్రి ఉండబట్టలేక, "మీరు నాకు ప్రార్థన చెప్పి పంపుతున్నారు బావుంది, నేను నా కూలోళ్లకి ఏటి చెప్పి పంపాలండీ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నేల చూపులు చూశారు. ఈస్టర్ వెళ్లింది. తర్వాత ఆయన రావడం మానేశాడు. చివరికి కమిటీలో లేని ఇద్దరు ఆడవాళ్లు, ఒకామె టైలరింగ్ చేస్తుంది, ఇంకొకామె అంగన్‌వాడీలో పని, తమలో తాము పోగుచేసి, ఇంకో నాలుగిళ్లు తిరిగి, ఆ డబ్బు ఆయనకి చేర్చారు. తర్వాత ఆదివారం కమిటీ పెద్ద లేచి దాన్ని సాక్ష్యంగా చెప్పారు. దేవుడు అద్భుతంగా ద్వారం తెరిచాడట. జనం ఆమెన్ అన్నారు.

"ప్రభువు చిత్తమైతే" అన్న మాట మనకి నేర్పింది యాకోబు, బైబిల్లో ఆయన పేరున్న పత్రికలో (అంటే ఉత్తరంలో), 4:15. రేపు ఫలానా ఊరు వెళ్దాం, ఏడాది ఉండి వ్యాపారం చేసి లాభం సంపాదిద్దాం అని లెక్కలేసుకునే ధీమాగాళ్లతో, అలా కాదు, ప్రభువు చిత్తమైతే మనం బతికి ఉండి ఇది చేస్తాం అనుకోండి అన్నాడు. రేపటి మీద నాకు అధికారం లేదని ఒప్పుకోవడం అది. ఇవాళ చేతిలో ఉన్న డబ్బు గురించి కాదు. అదే పత్రిక నాలుగు అంగుళాలు కిందికి చదివితే, అయిదో అధ్యాయం నాలుగో వచనంలో, మీ చేలు కోసిన పనివాళ్లకి ఇయ్యక బిగబట్టిన కూలి మొరపెడుతోంది, ఆ కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిని పడ్డాయి అంటాడు ఆయనే. ఇంకాస్త కిందకి, 5:12లో, అవునంటే అవును కాదంటే కాదు అని యేసు చెప్పినదాన్ని మళ్లీ చెప్తాడు. మూడూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉన్నాయి. మనం పైదాన్ని గోడకి తగిలించుకుని మిగతా రెండిటి మీదుగా దాటిపోయాం. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెప్తుంది. సామెతల గ్రంథం 3:28 అయితే మన కమిటీల సంభాషణే రాసిపెట్టినట్టు ఉంటుంది: "ద్రవ్యము నీయొద్ద నుండగా రేపు ఇచ్చెదను పోయి రమ్మని నీ పొరుగువానితో అనవద్దు."

దేవుడికి ఇచ్చిన మాటల సంగతి కూడా ఇంతే. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12 ఆదివారం. కిటికీ అద్దాలు పగిలి, తలుపులకి మంచాలు అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆ పూట ఈ ఊళ్లో ఎన్ని మొక్కుబడులు జరిగాయో లెక్క ఉంటే బావుండేది. ఈ గాలి ఆగితే తాగుడు మానేస్తాను, తమ్ముడితో మాట్లాడతాను, ఆస్తి గొడవ వదిలేస్తాను. గాలి ఆగింది, కరెంటు వచ్చింది, ఫోన్లు పలికాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. మొక్కుకుని చెల్లించకపోవడం కన్నా మొక్కుకోకపోవడమే మేలని బైబిల్లో ప్రసంగి గ్రంథం అయిదో అధ్యాయం చెప్తుంది. దాని తరవాతి మాట నాకు ఇంకా ఇష్టం: వసూలుకి వచ్చిన దూత ముందు "పొరపాటున అన్నానండీ" అనొద్దు అంటుంది. కన్వెన్షన్ సభల్లో పాట ఊపులో చేతులెత్తి కానుకలు ప్రకటించినవాళ్ల ఇంటికి రసీదు పుస్తకం పట్టుకుని వెళ్లే సంఘపెద్దని అడగండి, ఆ వచనం ఎంత నిజమో చెప్తాడు. ఆ ఊపు తెప్పించి చేతులెత్తించేవాళ్లకి కూడా అందులో వాటా ఉందని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. ఇచ్చిన ప్రతి మాటా నిలబెట్టుకోవాల్సిందేనా? హేరోదు అతిథుల ముందు ఒట్టేసినందుకే కదా బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించింది. యెఫ్తా మొక్కుకున్నాడనే కదా కూతురు బలైపోయింది. అదే బైబిల్లో గిబియోనీయుల కథ ఇంకోలా నడుస్తుంది. వాళ్లు మాసిపోయిన బట్టలు, మాట్లేసిన చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు తెచ్చి, చాలా దూరం నుంచి వచ్చామని ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువని మోసం చేసి ప్రమాణం చేయించుకున్నారు. మూడు రోజులకే గుట్టు బయటపడింది, వాళ్లు పక్క ఊరివాళ్లే. మోసంతో తీసుకున్న మాట, చెల్లదు అనొచ్చు. అయినా ఇశ్రాయేలు ప్రధానులు చెల్లుతుందనే అన్నారు. పైగా ఆ గిబియోను మీదికి అయిదుగురు రాజులు వస్తే వాళ్ల కోసం యుద్ధానికి కూడా వెళ్లారు.

నేను దీన్ని ఇలా చూస్తాను. మాట నిలబెట్టుకుంటే నష్టం ఎవరి మీద పడుతుంది అన్నదే అడగాల్సిన ప్రశ్న. నా మీద పడితే భరించాలి. "అతడు ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు" అని 15వ కీర్తనలో ఉన్నది ఆ నష్టమే. అది ఇంకొకడి మెడ మీద పడేటట్టయితే ఆ మాట విరిచేసి, అవమానం నేను భరించాలి. హేరోదు అవమానం భరించలేక యోహాను చేత భరింపజేశాడు. ఇది తేలిక సూత్రం కాదని తెలుసు. పెళ్లి మాటల దగ్గర, ఉమ్మడి ఆస్తుల దగ్గర నష్టం ఎవరిదో విడదీయడం కష్టం. కానీ మనం మాట తప్పే సందర్భాల్లో నూటికి తొంభై ఇంత చిక్కువి కావు. డబ్బు ఇవ్వాలి, ఇవ్వబుద్ధి కావడం లేదు, అంతే.

గిబియోను కథకి ఇంకో చివర ఉంది, అది మన కమిటీలకి పనికొస్తుంది. ఎన్నో తరాల తర్వాత సౌలు రాజై ఆ పాత ప్రమాణాన్ని పట్టించుకోకుండా గిబియోనీయుల్ని చంపించాడు. దావీదు కాలంలో మూడేళ్లు వరసగా కరువొచ్చింది, ఎందుకని అడిగితే దేవుడు చెప్పిన కారణం అదే. 2 సమూయేలు 21. ఎప్పుడో యెహోషువ కాలంవాళ్లు ఇచ్చిన మాట సౌలు మీద కూడా ఉందన్నమాట. "అది పాత కమిటీ ఒప్పుకున్నదండీ, మాకు సంబంధం లేదు" అనే కొత్త సెక్రటరీలకి ఈ అధ్యాయం చదివి వినిపించాలి.

ఈ ముక్క విశాఖపట్నంవాళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఉక్కు కర్మాగారం ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి. నిర్వాసితులకి ఆర్ కార్డులు (పునరావాస కార్డులు) ఇచ్చారు, ఉద్యోగం వస్తుందన్నారు. కొందరికి వచ్చింది. రానివాళ్లు ఆ కార్డుని ప్లాస్టిక్ కవరులో దాచుకుని, ప్రభుత్వాలు మారిన ప్రతిసారీ బయటికి తీశారు. మా సంఘంలోనే అలాంటి ఇళ్లున్నాయి. తండ్రి పేరు మీద కార్డు, మనవడికి కూడా పెళ్లయిపోయింది. అధికారులు మారారు, ఫైలు మారింది, మాటిచ్చినవాడు ఎవరో ఇప్పుడు కుర్చీలో ఉన్నవాడికి తెలీదు. ఆ బాధ తెలిసినవాళ్లం మనమే, మేస్త్రి దగ్గరికొచ్చేసరికి అదే మాట మన నోట వస్తుంది.

నిలబెట్టుకోలేని పరిస్థితి వస్తే? రాకుండా ఎందుకుంటుంది. పౌలుకే వచ్చింది. కొరింథుకి వస్తానని చెప్పి ప్రయాణం మార్చుకున్నాడు. అక్కడివాళ్లు ఊరుకోలేదు, ఈయన మాట నిలకడ లేనిది అన్నారు. అపొస్తలుణ్ణి పట్టుకుని అలా అడుగుతారా అని ఆయన కోప్పడలేదు, దేవుని చిత్తం కాలేదు అని ఒక్క ముక్కలో తేల్చేయనూ లేదు. కొరింథీయులకి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో కూర్చుని సంజాయిషీ రాశాడు. నేను చపలచిత్తంగా నడుచుకున్నానా, నా మాట ఒకేసారి అవునూ కాదూనా అని తనే ప్రశ్న వేసుకుని, రాకపోవడానికి కారణం చెప్పాడు, మీ మీద దయతోనే ఆగాను అన్నాడు. దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తులో అవునన్నట్టుగానే ఉన్నాయనే ఆ గొప్ప వచనం, మన కార్డుల మీద బంగారు అక్షరాలతో అచ్చేసేది, ఈ సంజాయిషీ మధ్యలోనే వస్తుంది. దేవుడి మాట నమ్మమని చెప్పేవాడు తన ప్రయాణం ఎందుకు రద్దయిందో చెప్పుకోవాల్సిందే అని పౌలుకి అనిపించింది. మనవాళ్లు ఫోను కూడా ఎత్తరు.

ఈ మధ్య స్టీల్ ప్లాంట్‌లో జీతాలు సరిగ్గా అందని నెలల్లో కూర్మన్నపాలెం, వడ్లపూడి వైపు కిరాణా కొట్లవాళ్లకి ఇది బాగా తెలిసింది. ఖాతా ఉన్నవాళ్లలో కొందరు ఆ వీధిలోంచి నడవడమే మానేశారు. కొందరు నేరుగా వచ్చి "ఈ నెల సగమే పడింది, ఇదిగో ఇంత తీసుకోండి, మిగతాది వచ్చే నెల" అన్నారు. బాకీ ఇద్దరిదీ ఉంది. సామెతలు ఆరో అధ్యాయంలో, స్నేహితుడి కోసం పూటపడి ఇరుక్కున్నవాడికి (మన భాషలో షూరిటీ సంతకం పెట్టి చిక్కుకున్నవాడికి) చెప్పే సలహా కూడా ఇదే: నిద్రపోకు, ఇప్పుడే లేచి వెళ్లు, వెళ్లి బతిమాలుకో. దాక్కోమని ఎక్కడా లేదు.

ఇలాంటివి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు "ముందు కుల సర్టిఫికెట్ల సంగతి తేల్చండి" అంటారు. ఆదివారం చర్చిలో, కాగితం మీద హిందూ ఎస్సీ, ఇదేం నిజాయితీ అని. దాటేసే ప్రశ్న కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాకుండా బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో ఒక విభాగం) అవుతాడు. ఊళ్లో అతన్ని చూసే చూపు మాత్రం ఏ గెజిట్‌తోనూ మారదు. నిజం చెప్పినవాడికే నష్టం వచ్చేలా చట్టం ఉందని నా నమ్మకం, అది మారాలని అడగడం న్యాయం. అలాగని కాగితం మీద రాసే అబద్ధం నిజమైపోదు. నష్టం కలిగినా బీసీ-సీ రాయించుకుని, పిల్లల సీట్లు, ఉద్యోగాలు వదులుకున్న కుటుంబాలు నాకు తెలుసు, వాళ్ల ముందు నేను నోరెత్తలేను. నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. ఏసీ హాల్లో కూర్చుని, పనివాళ్ల డబ్బు నెలల తరబడి ఆపుకున్న పెద్దమనిషి, నిజాయితీ పాఠం మాత్రం ఆ పేద విద్యార్థి దగ్గర మొదలుపెడతాడు. అందరికన్నా ఎక్కువ ఖరీదు కట్టాల్సినవాడితో మొదలుపెట్టడం ఏం న్యాయం? పైసా నష్టం లేకుండా మాట నిలబెట్టుకోగలిగినవాళ్లు ముందు నిలబెట్టుకోవాలి.

మా సంఘం కమిటీ మీటింగులో ఒక కాగితం రాసిచ్చాను. బయటివాళ్లకి, అంటే మేస్త్రి, ఎలక్ట్రీషియన్, షామియానా, సౌండ్, వంటవాళ్లు, వీళ్లకి ఇవ్వాల్సిన బాకీలు ప్రతి నెలా కానుకల లెక్కతో పాటే చదివి వినిపించాలని, ఒక్కో బాకీకి ఎదురుగా తేదీ రాయాలని. ఆ తేదీ దాటేటట్టుంటే, దాటకముందే ఎవరో ఒకరు ఆ మనిషి ఇంటికి వెళ్లి చెప్పి రావాలని. డబ్బు చేతిలో లేకుండా పని మొదలుపెట్టొద్దని కూడా రాశాను. ఎక్కువ గొడవ దీని దగ్గరే అయింది. "విశ్వాసంతో మొదలుపెట్టకపోతే ఏ గుడీ లేవదు బ్రదర్" అన్నారు ఒక పెద్దాయన. విశ్వాసం మనది, అప్పు మేస్త్రిది అవుతోంది కదా అన్నాను. మీరు ఆత్మీయ విషయాల్ని ఆఫీసు లెక్కల్లోకి దించుతున్నారు అన్నారు. పాస్టర్ అయ్యగారు ఏమీ అనలేదు, బైబిల్ తెరిచి యాకోబు పత్రికలో ఆ పేజీ వెతుక్కున్నారు. మొదటి రెండూ ఒప్పుకున్నారు, మూడోది వాయిదా పడింది. వచ్చే నెల రెండో ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ కూర్చుంటున్నాం. ఈలోగా పాత బాకీల లిస్టు నన్నే తయారుచేయమన్నారు, షామియానా ఆయన నంబరు కోసం వెతుకుతున్నాను.